ఎనిమిది పాయింట్ల సీజన్: మన కోపం ఎవరి మీద?

22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచి, 5 డ్రా చేసుకుని, 16 ఓడిపోయి, 2023-24 ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్‌ను మన హైదరాబాద్ ఎఫ్‌సీ 8 పాయింట్లతో ముగించింది. 12 జట్ల పట్టికలో 12వ స్థానం. సీజన్ మొత్తం మీద కొట్టిన గోల్స్ 10, సమర్పించుకున్నవి 43. ఏ జట్టుకైనా చెడ్డ రోజులు వస్తాయి, వాటిని ఓర్చుకోవడం అభిమానికి కొత్త కాదు. కానీ రెండేళ్ల కిందట కప్పు ఎత్తిన జట్టు, కిందటి సీజన్లోనే లీగ్ దశలో రెండో స్థానంలో నిలిచిన జట్టు, ఇంత లోతుకు పడిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఎవరి వల్ల అవుతుంది? విశాఖలో ఫుట్‌బాల్ చూసే మేము ఎప్పుడు కలిసినా ఆ సీజన్ మాట రాకుండా ఉండదు, వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరి గొంతు పెరుగుతుంది. ఆ కోపం న్యాయమైనదే. అది పోవలసిన చోటికి పోకుండా, మైదానంలో పరుగెత్తిన కుర్రాళ్ల మీద పడిందన్నదే నా బాధ.

విశాఖపట్నం వాళ్లకు హైదరాబాద్ జట్టుతో ఏం పని అని అడిగేవాళ్లు ఉన్నారు. దూరం లెక్కన చూస్తే భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియమే మనకు దగ్గర. హైదరాబాద్ జట్టు ఆడే గచ్చిబౌలికి పోవాలంటే సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రాత్రంతా ప్రయాణం చేసి, పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి మళ్లీ ఊరంతా దాటుకుని వెళ్లాలి. అయినా ఒడిశా ఎఫ్‌సీని మన జట్టు అనుకోవడానికి మనసు ఒప్పలేదు. దేశంలోని అగ్రశ్రేణి లీగ్‌లో తెలుగు నేల మీది ఊరి పేరు పెట్టుకున్న జట్టు అదొక్కటే కాబట్టి, రాష్ట్రాలు వేరైనా దాన్నే పట్టుకున్నాం.

నిజానికి మనకంటూ ఒక జట్టు రాబోయి ఆగిపోయిన సంగతి చాలామందికి తెలియదు. 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య సూపర్ లీగ్ తర్వాతి స్థాయి లీగ్ అయిన ఐ-లీగ్‌లోకి కొత్త జట్లను తీసుకున్నప్పుడు, విశాఖపట్నం పేరు మీద శ్రీనిధి విద్యాసంస్థ వేసిన బిడ్‌కు ఆమోదం దక్కింది. ఆ వార్త చూసి రామకృష్ణా బీచ్‌లో చెప్పుల్లేకుండా బంతి తన్నుకునే పిల్లలకు రేపు ఒక జెర్సీ దొరుకుతుందని సంబరపడ్డాం. 2021-22లో ఆ జట్టు శ్రీనిధి దక్కన్ పేరుతో బరిలో దిగింది గానీ, దాని సొంత మైదానం హైదరాబాద్ దగ్గరే ఏర్పడింది. ఆ తర్వాత ఆ జట్టు ఐ-లీగ్‌లో వరుసగా రెండు సీజన్లు రెండో స్థానంలో నిలిచింది, అందుకు సంతోషమే. మనకు మాత్రం మళ్లీ గచ్చిబౌలే మిగిలింది.

హైదరాబాద్ పేరుకు ఫుట్‌బాల్‌లో ఉన్న బరువు కూడా చిన్నది కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు అప్పట్లో పేరున్న రోవర్స్ కప్ టోర్నీని వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. అంత చరిత్ర ఉన్న ఊరికి దశాబ్దాల తర్వాత, 2019లో, పుణె క్లబ్బు ఖాళీ చేసిన చోటులో ఒక పెద్ద జట్టు వచ్చింది. మొదటి సీజన్లో అది కూడా అట్టడుగుననే ముగించింది, 18 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లతో. అప్పుడు ఎవరికీ ఇంత మంట పుట్టలేదు. కొత్త జట్టు, కుదురుకోవడానికి సమయం పడుతుంది అనుకున్నాం. స్థానం అదే అయినా, నాలుగేళ్ల తర్వాత అదే స్థానాన్ని తట్టుకోలేకపోయామంటే, ఓటమి కన్నా వేరే కారణం ఏదో ఉండి తీరాలి.

ఆ కారణం అర్థం కావాలంటే 2022 మార్చి 20 రాత్రిని గుర్తు చేసుకోవాలి. గోవాలోని ఫటోర్డా స్టేడియంలో ఫైనల్. ఎదుట కేరళ బ్లాస్టర్స్. రెండు జట్లదీ పసుపు రంగే. లీగ్ దశలో మన జట్టు పై స్థానంలో ఉన్నందున పసుపు జెర్సీ మనకే దక్కింది, గ్యాలరీల నిండా పసుపు కట్టుకుని వచ్చిన కేరళ అభిమానులు తమ వాళ్లను వేరే రంగులో చూడాల్సి వచ్చింది. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్ కొట్టేసరికి మాకు ఆశ సన్నగిల్లింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గాలిలో ఉన్న బంతిని అందుకుని దూరం నుంచి కొట్టిన దెబ్బతో స్కోరు సమమైంది. ఆ పైన పెనాల్టీలు. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, మనం 3-1తో గెలిచాం. ఆ సీజన్లో బార్తలోమ్యూ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. కోచ్ మనోలో మార్కెజ్ పేరున్న విదేశీయుల మీదే ఆధారపడకుండా ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్ లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. ఆ నమ్మకం చూసే నేను ఈ జట్టుకు పూర్తిగా కట్టుబడిపోయాను.

2022-23లోనూ లీగ్ దశలో రెండో స్థానం వచ్చింది, సెమీఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడిపోయాం. ఆ ఓటమికి బాధపడ్డాం, కోపం రాలేదు. రెండు మ్యాచ్‌లు ఆడినా ఒక్క గోల్ ఇవ్వకుండా పోరాడి ఓడిన జట్టును ఎవరు తప్పు పడతారు?

2023 వేసవి నుంచి కథ మారిపోయింది. మనోలో ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు. ఒగ్బెచే వెళ్లాడు. ఆకాశ్ మిశ్రా ముంబయి సిటీకి వెళ్లాడు. ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు అందడం లేదని పత్రికల్లో వార్తలు మొదలయ్యాయి. పాత బకాయిల వివాదాల కారణంగా కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. జనవరి వచ్చేసరికి విదేశీ ఆటగాళ్లలో దాదాపు అందరూ సర్దుకున్నారు. నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సానా సింగ్ బెంగళూరుకు, మహ్మద్ యాసిర్ గోవాకు, ఇలా ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. పోయినవాళ్లను తప్పు పట్టలేం. నెలనెలా ఇంటికి డబ్బు పంపవలసిన మనిషి ఎన్నాళ్లని ఆగుతాడు? మిగిలిన పని కోచ్ తంగ్బోయ్ సింగ్టో మీద పడింది. రిజర్వు జట్టులో ఇంకా పాఠాలు నేర్చుకుంటున్న కుర్రాళ్లను తెచ్చి, వాళ్లతోనే మోహన్ బగాన్, ముంబయి సిటీ లాంటి జట్ల ఎదుట నిలబడవలసి వచ్చింది.

ఆ కాలంలోనే ఒకసారి గచ్చిబౌలికి వెళ్లాను. బాలయోగి స్టేడియం అథ్లెటిక్స్ కోసం కట్టినది, మైదానం చుట్టూ పరుగు ట్రాక్ ఉండటంతో ప్రేక్షకులకూ ఆటగాళ్లకూ మధ్య దూరం ఎక్కువ. మామూలుగా అక్కడ ఆటగాళ్ల మాటలు వినపడవు. ఆ సాయంత్రం అన్నీ వినపడ్డాయి, ఎందుకంటే గ్యాలరీలు దాదాపు ఖాళీ. మన అభిమాన సంఘం డెక్కన్ లెజియన్ కుర్రాళ్లు కొద్దిమంది ఒక మూల చేరి డ్రమ్ములు కొడుతూ పాడుతున్నారు. వాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా మన గోల్‌కీపర్ అరుపులు స్పష్టంగా చెవిన పడుతున్నాయి. నేను కూర్చున్న వైపే మన లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ వైపు రక్షణ చూసే ఆటగాడు, ఆడుతున్నాడు. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. అంచు వెంట దాడి చేసే అవతలి జట్టు వింగర్ బలంగా ఉన్నాడు, అనుభవం ఉన్నవాడు. మొదటి అరగంటలోనే మా వాడిని పదేపదే దాటేసి బంతిని గోల్ ముందుకు పంపాడు. ఒకసారి కుర్రాడు పూర్తిగా బోల్తా పడ్డాడు. లేచి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి రెండు క్షణాలు వంగి నిలబడ్డాడు. జారిపోయిన సాక్స్‌ను మోకాలి దాకా లాక్కుని, చేతికి చుట్టుకున్న టేపును పళ్లతో బిగించుకుని, తన చోటుకు పరుగెత్తాడు. ఆ తర్వాత కూడా ఆ వింగర్ అతన్ని దాటాడు, అతను మళ్లీ వెంటపడ్డాడు. చివరి నిమిషం దాకా వెంటపడుతూనే ఉన్నాడు. అతనికి ఆ నెల జీతం అందిందో లేదో అన్న ఆలోచన నన్ను తిరుగు ప్రయాణంలో నిద్రపోనివ్వలేదు.

ఊరికి వచ్చాక మా వీధిలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఎదురుపడ్డాడు. నాతో కలిసి మ్యాచ్‌లు చూసేవాడే.

"ఏటన్నా, అంత దూరం ఎల్లి ఓడిపోడం సూసొచ్చావా? ఆ లెఫ్ట్ బ్యాక్‌ని తీసీకుండా ఎందుకు ఉంచుతన్నారు?"

"తీసేసి ఎవర్ని పెడతారు తమ్ముడూ? బెంచీ మీద ఎవరున్నారో చూశావా?"

"ఎవుల్లేరు."

"మరి?"

"మరి మనం ఎవుల్ని తిట్టాలన్నా? ఎవులో ఒకల్ని తిట్టాలి కదా!"

అతని ప్రశ్నలో నిజం ఉంది. అభిమానికి తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి. తెర మీద కనిపించేవాడు ఆటగాడే కాబట్టి, తిట్లన్నీ అతని ఖాతాలోకే పోతాయి. ఆ సీజన్లో సామాజిక మాధ్యమాల్లో మన కుర్రాళ్ల గురించి రాసిన మాటలు కొన్ని చదివితే కడుపు తరుక్కుపోయింది. లీగ్‌లో ఆడటానికి నీకేం అర్హత ఉందని ఒకడు, ఇంటికి పోయి వేరే పని చూసుకోమని ఇంకొకడు. వాళ్లకు అర్హత ఉందో లేదో తేల్చుకునే అవకాశమే ఎవరూ ఇవ్వలేదు. పక్కన అనుభవజ్ఞుడైన సెంటర్ బ్యాక్ ఉండి, ముందు ఒక మంచి మిడ్‌ఫీల్డర్ ఉండి, నెలాఖరుకు జీతం పడుతూ ఉంటే, అదే లెఫ్ట్ బ్యాక్ ఎలా ఆడేవాడో మనకు తెలిసేది. ఆకాశ్ మిశ్రా ఇదే జట్టులో అలాగే ఎదిగి భారత జట్టుకు ఆడాడు. కుర్రాడిని నమ్మి ఆడించడం వేరు, వేరే గతి లేక మైదానంలోకి తోసేయడం వేరు. మనోలో కాలంలో జరిగింది మొదటిది, 2023-24లో జరిగింది రెండోది.

అభిమానులను అన్నిటికన్నా ఎక్కువగా రగిలించింది మౌనం. జట్టు పరిస్థితి ఇదీ, బకాయిలు ఇన్ని, ఇన్నాళ్లలో తీరుస్తాం, ఈ సీజన్ ఇంతే, ఓపిక పట్టండి అని ఎవరైనా ముందుకు వచ్చి సూటిగా చెప్పి ఉంటే సగం మంట చల్లారేది. మేమంతా పత్రికల్లో వచ్చే ముక్కలను, పుకార్లను ఏరుకుని జోడించుకోవలసి వచ్చింది. ఓడిన ప్రతి మ్యాచ్ తర్వాత విలేకరుల ఎదుట కూర్చుని జవాబు చెప్పుకున్నది కోచ్ సింగ్టో. డబ్బు సంగతి తేల్చడం ఆయన చేతిలో లేని పని. పైగా అప్పట్లో ఈ లీగ్‌లో చివరి స్థానంలో నిలిచిన జట్టు కింది డివిజన్‌కు దిగిపోయే నియమం కూడా లేకపోయింది. ఇంగ్లండ్‌లోనో స్పెయిన్‌లోనో జట్టు అట్టడుగుకు జారితే యాజమాన్యానికి వచ్చే ఏడాది ఆదాయం పోతుందన్న భయం పట్టుకుంటుంది. ఇక్కడ అప్పుడు ఆ భయమూ లేకపోయింది. 8 పాయింట్లు వచ్చినా 18 వచ్చినా మరుసటి ఏడాది అదే లీగ్, అదే చోటు. అలాంటప్పుడు యాజమాన్యాన్ని అడగగలిగింది ఒక్క అభిమానే, ఆ అభిమానేమో లెఫ్ట్ బ్యాక్‌ను తిట్టడంలో మునిగిపోయాడు.

అడిగితే ఏమవుతుందో కేరళవాళ్లు చూపించారు. 2024 డిసెంబరులో బ్లాస్టర్స్ వరుసగా ఓడిపోతున్నప్పుడు వాళ్ల అభిమాన సంఘం మంజప్పడ, ఇకమీదట తాము టికెట్లు కొనబోమని, అమ్మబోమని బాహాటంగా ప్రకటించింది. స్టేడియానికి వెళ్లి నిరసన తెలుపుతామని కూడా చెప్పింది. ఆ నిరసన గురి ఆటగాళ్ల మీద లేదు, యాజమాన్యం మీద ఉంది. ఆ నెలలోనే అక్కడ కోచ్ మారాడు. కోచ్‌ను మార్చడంతో అంతా బాగుపడిందని నేను అనను, వాళ్లు ఆ సీజన్ 8వ స్థానంలోనే ముగించారు. కానీ వాళ్ల మాట ఎవరికి వినపడాలో వాళ్లకు వినపడింది. మన బలం వేరు, నిజమే. కొచ్చిలో వేలమంది ఉంటే గచ్చిబౌలిలో వందల్లో ఉన్నాం, విశాఖలో ఇంకా తక్కువ. అయినా ఆ కొద్దిమందిమి ఒక్క గొంతుతో ఒక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది.

విశాఖలో ఫుట్‌బాల్ అంటే చాలామందికి ఇంగ్లిష్ ప్రీమియర్ లీగే. ఆదివారం పొద్దున టర్ఫ్ మైదానాల్లో చూస్తే సగం వీపుల మీద మాంచెస్టర్, లివర్‌పూల్, ఆర్సెనల్ పేర్లే కనిపిస్తాయి. అదే 2023-24లో మాంచెస్టర్ యునైటెడ్ 8వ స్థానంలో నిలిచింది, ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక అప్పటికి వాళ్లకు అదే అతి తక్కువ స్థానం. నా మిత్రులు ఆ సంగతి చెప్పుకుని అర్ధరాత్రి దాకా కుమిలిపోయేవారు. వాళ్ల బాధను నేను చిన్నచూపు చూడను, ఎవరి జట్టు వాళ్లకు ప్రాణం. కానీ వాళ్లకు ఎవరిని నిలదీయాలో తెలుసు, నిలదీస్తే రాసే పత్రికలు, చూపించే చానళ్లు, వినిపించే స్టేడియం ఉన్నాయి. మన జట్టు మునిగిపోతుంటే మన వార్తాపత్రికల ఆటల పేజీలో అది ఓ మూలన పడే చిన్న వార్త.

ఆ ఏడాది మిగతా ఆటల సందడి అలా ఉంది మరి. ఫిబ్రవరి మొదట్లో మధురవాడ స్టేడియంలో ఇంగ్లండ్‌తో రెండో టెస్టు జరిగింది. జైస్వాల్ 209 పరుగులు చేశాడు, బుమ్రా మొదటి ఇన్నింగ్స్‌లో 45 పరుగులకు 6 వికెట్లు తీశాడు, భారత్ 106 పరుగులతో గెలిచింది. ఊరంతా అదే మాట. మార్చి 27న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ 277 పరుగులు కొట్టింది. హైదరాబాద్ పేరు దేశమంతా మోగుతున్న ఆ రోజుల్లోనే, అదే నగరం మరో చివర ఇంకో జట్టు ఖాళీ కుర్చీల ఎదుట ఆడుతోంది. క్రికెట్ అంటే నాకూ ఇష్టమే, ఆ టెస్టు చూసి నేనూ గర్వపడ్డాను. ఆ సందడిలో పదో వంతు దృష్టి గచ్చిబౌలి మీద పడి ఉంటే, ఆ కుర్రాళ్ల జీతాల సంగతి అడిగేవాళ్లు ఒకరిద్దరైనా దొరికేవారేమో.

ఆ సీజన్లోని ఒకే ఒక్క గెలుపు మార్చిలో వచ్చింది. చెన్నైలో, చెన్నైయిన్ ఎఫ్‌సీ మీద, 1-0తో. విదేశీ ఆటగాళ్లున్న జట్టును, వాళ్ల సొంత మైదానంలో, మన పిల్లలు ఓడించారు. ఆట మొదట్లోనే గోల్ పడింది, ఆ తర్వాత మిగిలిన సమయమంతా ఆ ఒక్క గోల్‌ను కాపాడుకోవడమే పని. బంతి మన పెనాల్టీ బాక్సులోకి వచ్చినప్పుడల్లా నేను ఫోను పట్టుకుని కుర్చీలోంచి లేచిపోయేవాణ్ని. చివరి విజిల్ మోగేసరికి ఇంట్లో నేను వేసిన కేకకు అమ్మ వంటగదిలోంచి పరుగున వచ్చింది.

"ఏటయిందిరా, కప్పు గెలిచీసారా?"

"కాదమ్మా, మ్యాచ్ గెలిచాం."

కప్పు గెలిచిన రాత్రి కూడా నా కళ్లు అలా తడవలేదు. ఎవరూ అండగా నిలవని చోట, ఏ ప్రయోజనమూ మిగలని సీజన్లో, తొంభై నిమిషాలూ కష్టపడి ఆ మూడు పాయింట్లు తెచ్చిన కుర్రాళ్లకు తెలుగు ఫుట్‌బాల్ అభిమానులు రుణపడి ఉన్నారని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. వాళ్లను తిట్టినవాళ్లలో ఎంతమంది ఆ రోజు అదే చోట వాళ్లను మెచ్చుకుంటూ రాశారో వెతికాను. చాలా కొద్దిమందే కనిపించారు.

మరుసటి సీజన్‌కు క్లబ్బు కొత్త యజమానుల చేతికి వెళ్లింది. అప్పటికే ఆలస్యమైంది, జట్టును కూర్చుకోవడానికి సరైన సమయం దొరకలేదు. 24 మ్యాచ్‌ల్లో 18 పాయింట్లు, 13 జట్లలో 12వ స్థానం. డిసెంబరులో సింగ్టో కూడా వెళ్లిపోయాడు. 2025లో క్లబ్బు హైదరాబాద్‌నే వదిలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అనే కొత్త పేరుతో రాజధానికి తరలిపోయింది. పుణె నుంచి ఎలా వచ్చిందో అలాగే పోయింది. 2022లో కప్పు ఎత్తిన జెర్సీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది, దాని మీద ఉన్న ముద్ర గల జట్టు మాత్రం ఏ లీగ్‌లోనూ లేదు.

ఢిల్లీ జట్టును అభిమానిస్తావా అని మిత్రులు అడుగుతున్నారు. లేదు. ఆ జట్టు మీద నాకు ద్వేషం లేదు, దాని తరఫున ఆడేవాళ్లు బాగా ఆడాలనే కోరుకుంటాను, కానీ నా ఊరికీ నా భాషకూ దానితో ఏ సంబంధమూ మిగలలేదు. తెలుగు నేల మీద మళ్లీ ఒక పెద్ద జట్టు పుడితే, అది గచ్చిబౌలిలో ఆడినా, మనకు ఎప్పటికైనా అదృష్టం ఉండి విశాఖలోనే ఆడినా, మొదటి రోజు టికెట్ కొనేవాళ్లలో నేనుంటాను. ఆ రోజు యాజమాన్యం నుంచి ఎవరైనా అభిమానులను కలవడానికి వస్తే, ఏ స్ట్రైకర్‌ను తెస్తున్నారు, ఏ కోచ్‌ను పెడుతున్నారు అని నేను అడగను. రిజర్వు జట్టు కుర్రాడి దగ్గరి నుంచి మైదానంలో గడ్డి కోసే మనిషి దాకా అందరికీ జీతం ఏ తేదీన పడుతుంది, పడకపోతే మాకు ఎవరు చెబుతారు అని అడుగుతాను.